పట్టీ పోయింది, మచ్చ మిగిలింది

మా పాత ఇంటి హాల్లో నాలుగు గోడలకూ నడుమెత్తున ఒక చెక్కపట్టీ ఉండేది. కుర్చీల వీపులు ఒరుసుకుని గోడ గీరుకుపోకుండా మా నాన్నగారు వేయించిన అలంకారం అది. దానికి చెదలు పట్టింది. అమ్మాయి పెళ్ళిచూపులకు వచ్చేవారు చూస్తే బాగుండదని మా ఆవిడ పోరగా, ఓ ఆదివారం ఊడబెరికించాను. పట్టీతోపాటు గచ్చు కూడా పెళ్ళలుగా లేచివచ్చింది!

పిలిచిన మేస్త్రీ ఒక్క పూటలో సిమెంటుతో పూడ్చి, రంగు పూసి వెళ్ళాడు. పెళ్ళిచూపులు గడిచాయి. వానలు పడగానే, పోయిన పట్టీ మళ్ళీ మొలిచినట్టు గోడంతా చెమ్మగీత తేలింది. దాని అంచుల వెంట పాత గచ్చు పొడిపొడిగా రాలసాగింది.

తప్పు అతనిదనలేను, తొందరపెట్టింది నేనే. మాది సున్నపు గోడ. సున్నం చెమ్మను పీల్చుకుని, తిరిగి గాలికి వదిలేస్తుంది. సిమెంటు అంతకన్నా గట్టిది, చెమ్మను అంత తేలిగ్గా వదలదు. దాంతో తేమ అతుకు అంచులకు చేరి మెత్తని పాత గచ్చును తినేస్తుంది. వియ్యానికైనా, అతుక్కైనా సమానస్థులు కుదరాలి కాబోలు!

రెండోసారి ఒక పెద్ద మేస్త్రీని పట్టుకున్నాను. ఆయన రాగానే తాపీ తీయలేదు. గోడను వేళ్ళతో తట్టుకుంటూ నడిచాడు. బోలుగా మోగినచోటల్లా చెక్కించాడు. దుమ్ము దులిపి, నీళ్ళు చల్లించాడు. పొడిగోడ కొత్త పూతలోని నీటిని లాగేసుకుంటే పూత పట్టదట. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. ఒక్కసారే దట్టంగా మెత్తక, సెంటీమీటరుకు మించకుండా రెండు పూతలు, మధ్య కొన్నాళ్ళ ఎడం.

“ఇంకా ఎన్నాళ్ళండీ?” అంది మా ఆవిడ.

“ఎండటం వేరు, గట్టిపడటం వేరు తల్లీ” అన్నాడాయన. నిజమే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చుకుని రాయిగా మారుతుంది. దానికి వారాలు పడుతుంది.

అసలు నేర్పు గరుకు కలపడంలో ఉంది. రాలిన పెళ్ళను నలిపి, అందులోని ఇసుక ఎంత లావో చూసి, అలాంటిదే జల్లించి తెప్పించాడు. ముందు ఒక పలకమీద పూసి, చెక్కతాపీతో గుండ్రంగా తిప్పి, దాన్ని గోడకు ఆనించి పక్కనుంచి దీపం పట్టాడు. ఎదురు వెలుగులో కనపడని తేడా ఏటవాలు వెలుగులో పట్టుబడుతుంది. మూడో పలకకు గాని ఆయనకు తృప్తి కలుగలేదు.

ఫ్లాట్లలో రోలరుతో వేసిన గరుకు రంగులకూ ఇదే పద్ధతి. పుట్టీని అతుకుకు అటూ ఇటూ జానెడు దూరం పలచగా లాగాలి. పైన ప్రైమరు తప్పదు. లేకపోతే అతుకు రంగును తాగేసి వెలవెలబోతుంది. రంగు అతుకుమేరకే కాక, ఈ మూలనుంచి ఆ మూలదాకా గోడంతా వెయ్యాలి.

ఒక్క హెచ్చరిక. పాత పట్టీల రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017లోనే. అలాంటి రంగును పొడిగా గీరి దుమ్ము లేపకండి, తడిపి తీయించండి. ఆ పూట పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి.

ఇప్పుడు సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే తప్ప అతుకు నాకే దొరకదు. ఆ సంబంధమే ఖాయమైంది. అల్లుడుగారు వచ్చినప్పుడల్లా కుర్చీని సరిగ్గా ఆ గోడకే జారవేసి కూర్చుంటారు. మళ్ళీ పట్టీ వేయిద్దామా అంటోంది మా ఆవిడ!