సంతకం సరిచూసే సర్వర్

1982లో జోనథన్ పోస్టెల్ ఈమెయిల్ రవాణాకు రాసిన ఎస్‌ఎమ్‌టీపీ నియమాల్లో పంపినవారెవరో రుజువు చేసే ఏర్పాటు లేదు. పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రస్ రాసినంత తేలిగ్గా, ఎవరైనా ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు.

1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పీజీపీ, మెయిల్‌కు డిజిటల్ సంతకాన్ని తెచ్చింది. కాని సరిచూసే భారం చదివేవారి మీదే పడింది. అవతలివారి కీ సంపాదించాలి, అది అసలైనదో కాదో తేల్చుకోవాలి. అంత ఓపిక ఎందరికి ఉంటుంది?

ఆ భారాన్ని సర్వర్ల మీదకు మార్చినది డీకిమ్ అనే పద్ధతి. యాహూలో మార్క్ డిలానీ రూపొందించిన డొమైన్‌కీస్, సిస్కో పద్ధతి కలిసి 2007లో ఈ ప్రమాణంగా మారాయి. పంపే సంస్థ సర్వర్ రహస్య కీతో సంతకం చేస్తుంది. పబ్లిక్ కీని డొమైన్ పేర్ల డైరెక్టరీ అయిన డీఎన్‌ఎస్‌లో అందరికీ కనిపించేలా ఉంచుతుంది. అందుకున్న సర్వర్ ఆ కీతో సంతకాన్ని పరీక్షిస్తుంది.

ఈ పని ఫోన్‌లోని యాప్ చేయలేదా? చేయగలదు, కాని చిక్కులున్నాయి. సంతకం సరిచూడాలంటే మెయిల్ మొత్తం దించుకోవాలి. యాప్ చాలాసార్లు పంపినవారి పేరు, విషయం వంటి పైభాగపు వివరాలే తెచ్చుకుంటుంది. పైగా నెలల తర్వాత మెయిల్ తెరిచేసరికి పాత కీ డీఎన్‌ఎస్‌లో ఉండకపోవచ్చు.

అందుకే 2009లో మరే కుచెరావీ రాసిన ఆథెంటికేషన్ రిజల్ట్స్ అనే హెడర్ వచ్చింది. సర్వర్ తన తీర్పును మెయిల్ పైభాగాన ఒక వరుసగా రాస్తుంది. యాప్ దాన్ని చదువుకుంటే చాలు.

మరి మోసగాడే ‘పాస్’ అని ముందుగా రాసి పంపితే? ఆ ప్రమాదం ఊహించే, తన పేరుతో బయటినుంచి వచ్చిన అలాంటి వరుసను, బయటి మెయిల్‌ను అందుకునే సరిహద్దు సర్వర్ తొలగించాలని నియమం పెట్టారు. యాప్ కూడా తాను నమ్మిన సర్వర్ పేరున్న వరుసనే లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా నకిలీ తీర్పు అసలుదానిలా చెల్లిపోతుంది.

తీర్పు నిజమైనదైనా కీ బలహీనమైతే ఫలితం లేదు. గూగుల్ 512 బిట్ల కీ వాడుతోందని గమనించిన గణితవేత్త జాకరీ హారిస్ దాన్ని ఛేదించి, సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరి పేరుతో మరొకరికి మెయిల్ పంపారు. 2012లో ఈ సంగతి బయటపడింది. గూగుల్ 2048 బిట్లకు మారింది. 1024 బిట్లకన్నా చిన్న కీని సర్వర్లు అంగీకరించరాదని 2018లో ప్రమాణమే చెప్పింది. ఈ మార్పు కోసం చదివేవారు తమ ఫోన్లలో చేయాల్సిందేమీ లేకపోయింది.

2024 ఫిబ్రవరి నుంచి, తన ఖాతాలకు రోజుకు 5000 లేదా అంతకన్నా ఎక్కువ మెయిళ్లు పంపేవారు డీకిమ్ సంతకం చేయాల్సిందేనని జీమెయిల్ నిబంధన పెట్టింది. కాని మెయిల్ మీద సంతకం చేసింది ఏ డొమైనో మాత్రమే దాన్నిబట్టి తెలుస్తుంది. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి కొన్న డొమైన్‌కూ ‘పాస్’ వస్తుంది. కనుక డబ్బు అడిగే మెయిల్ వస్తే, కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కి, డీకిమ్ ఎదురుగా ఉన్న డొమైన్ పేరును అక్షరం అక్షరం చదవాలి.