దెబ్బ పడకముందే దారి చూసుకోవాలి

కల్లంలో మిరపకాయలు ఎండబోసిన ఇల్లాలు వాన మొదలయ్యాక బరకం కోసం వెతకదు. బరకం ముందే దగ్గర పెట్టుకుంటుంది. వానను ఆపడం ఆమె చేతిలో లేదు. కాయ తడవకుండా చూసుకోవడం మాత్రం ఆమె చేతిలో ఉంది.

ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషికి కూడా ఇలాంటి ముందుచూపు కావాలి. అయితే ఒక తేడా ఉంది. వాన ఎవరి తప్పూ కాదు. కొట్టడం మాత్రం కొట్టినవాడి తప్పు. దెబ్బ తిన్న ఆమె తప్పు కాదు. ముందుగా దారి చూసుకోవడం అంటే ఆ తప్పును భరించడం కాదు. ప్రాణం కాపాడుకోవడం. పిల్లల్ని కాపాడుకోవడం.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురు మొగుడి చేతిలో హింస అనుభవించామని చెప్పారు. చెప్పనివాళ్లు ఇంకా ఎందరో.

కూర బాగాలేదని కొడతారు. కూలి డబ్బు ఇవ్వలేదని కొడతారు. కట్నం బాకీ ఉందని, ఆడపిల్ల పుట్టిందని కొడతారు. పత్తి తీతల రోజుల్లో, మిరప కోతల రోజుల్లో ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. ఆ డబ్బు కోసం కూడా ఇంట్లో గొడవ మొదలవుతుంది.

కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం హింసే. కూలి డబ్బు లాక్కోవడం హింసే. పుట్టింటికి పోనివ్వకపోవడం, ఇంట్లోంచి గెంటడం, ఇష్టం లేకుండా పక్కలోకి రమ్మని బలవంతం చేయడం కూడా హింసే. 2005లో వచ్చిన గృహ హింస చట్టం ఈ మాటే చెబుతుంది.

తాగుడు పోతే కొట్టుడు పోతుందా?

ప్రకాశం జిల్లాకు ఆనుకుని నెల్లూరు జిల్లా ఉంది. అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలు కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టారు. తాగుడు వల్ల పాడైన సంసారాల గురించి పాఠాల్లో చదివారు. అది మన కథే అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు ఒక్కటై తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. రోశమ్మ ముందు నిలబడింది. 1992 కల్లా ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ మద్య నిషేధాన్ని ఎత్తేశారు.

ఆ ఆడవాళ్లు చేసింది చిన్న పని కాదు. కానీ ఒక సంగతి గమనించాలి. తాగి కొట్టేవాడు ఉన్నాడు. తాగకుండా కొట్టేవాడూ ఉన్నాడు. ఎంత తాగినా అప్పిచ్చిన షావుకారును కొట్టడు. ఇంటికి వచ్చి పెళ్లాన్ని కొడతాడు. అంటే ఎవరిని కొడితే అడిగేవాళ్లు లేరో మత్తులో కూడా అతనికి తెలుసు. కాబట్టి సారా ఆగే దాకా ఆగకూడదు. తన రక్షణ సంగతి ఆడమనిషి ఈ రోజే చూసుకోవాలి.

ప్రాణానికి ముప్పు ఉందని చెప్పే గుర్తులు

కొన్ని గుర్తులు కనిపిస్తే అసలు తేలిగ్గా తీసుకోకూడదు.

చంపుతానని బెదిరించడం.

గొంతు పిసకడం. పైకి గాయం కనపడకపోయినా లోపల దెబ్బ ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

గొడ్డలి, కొడవలి, కత్తి చేతికి తీసుకోవడం.

కిరోసిను, పెట్రోలు పోస్తానని మీదికి రావడం.

కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం.

ముందుకన్నా దెబ్బలు ఎక్కువ కావడం, మాటిమాటికీ కొట్టడం.

ఇల్లు ఒకసారి చూసుకోవాలి

గొడవ లేని రోజున ఆమె తన ఇల్లు కొత్తగా చూసుకోవాలి. ఎటునుంచి బయటపడవచ్చు? ఏ తలుపు గడియ బిగుసుకుంది? దొడ్డి దారి వీధిలోకి పోతుందా?

గొడవ మొదలైతే వంటింట్లో ఉండకూడదు. అక్కడ కత్తిపీట ఉంది, పొయ్యి ఉంది. ఒకే తలుపు ఉన్న గదిలో ఉండకూడదు. బావి దగ్గర, మేడ మీద ఉండకూడదు. వసారా వైపు, వీధి వైపు రావాలి. నలుగురికి కనపడే చోటు మంచిది. బయటపడే వీలు లేకపోతే మూలకు ముడుచుకుని, రెండు చేతులతో తలను, మెడను కాపాడుకోవాలి.

గొడ్డలి, కొడవళ్లు గుమ్మం పక్కన పెట్టకూడదు. గొడ్ల చావడిలో గానీ, వెంటనే చేతికి అందని చోట గానీ పెట్టాలి.

పత్తి, మిరప పండే ఊళ్లలో ఇంకో ముప్పు కూడా ఉంది. అది పురుగు మందు. చాలా ఇళ్లలో మందు డబ్బా మంచం కింద ఉంటుంది, అటక మీద ఉంటుంది. కోపంలో ఉన్న మనిషికి, ఏడుపులో ఉన్న మనిషికి అది చేతికి అందకూడదు. మనుషులు పడుకునే ఇంట్లో మందు ఉంచకూడదు. వేరే చోట తాళం వేసి పెట్టాలి. ఎవరైనా మందు తాగితే సొంత వైద్యం చేయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో డాక్టరుకు తెలియాలి.

బతుకు మీద విరక్తి పుట్టి చచ్చిపోదాం అనిపిస్తే ఆమె ఒంటరిగా ఉండకూడదు. నమ్మకమైన మనిషికి ఆ మాట చెప్పాలి. 14416కి ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడి ధైర్యం చెబుతారు.

పిల్లలకు ఏం చెప్పాలి?

గొడవలో అడ్డం రావద్దని పిల్లలకు చెప్పాలి. అమ్మను కాపాడబోయి పిల్లలు దెబ్బలు తింటారు. పక్కింటికి పరుగెత్తడమే వాళ్ల పని. అక్కడ చెప్పడానికి ఒక గుర్తు మాట నేర్పాలి. "పిన్నీ, అమ్మ జల్లెడ అడిగింది" అని పిల్లవాడు అంటే చాలు. పక్కింటి పిన్నికి సంగతి తెలియాలి. ఆమె పోలీసులకు ఫోను చేయాలి, నలుగురిని పిలుచుకుని రావాలి. ఈ గుర్తు మాట ముందే ఇద్దరూ అనుకుని ఉండాలి.

ఎవరికి చెప్పాలి?

అందరికీ చెప్పనవసరం లేదు. ఇద్దరు ముగ్గురికి చెప్పాలి. పక్కింటి పిన్ని, పొదుపు సంఘం లీడరు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పుట్టింట్లో అన్న లేక అక్క. చెప్పిన మాట కడుపులో దాచుకునే మనిషినే ఎంచుకోవాలి.

మిరప కోతలకు దూరపు ఊళ్ల నుంచి కూలీలు వస్తారు. చేల పక్కన గుడిసెల్లో ఉంటారు. వాళ్లకు ఇక్కడ చుట్టాలు ఉండరు. అలాంటి ఆమె తన ముఠాలో ఒక తోడును చూసుకోవాలి. తాము ఉంటున్న ఊరి పేరు, మండలం పేరు, రైతు పేరు నేర్చుకోవాలి. ఫోనులో పోలీసులు ముందు అడిగేది అదే. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు కూడా తమ జిల్లా పేరు సరిగా తెలుసుకోవాలి. నరసరావుపేట, చిలకలూరిపేట ఒకప్పుడు గుంటూరు జిల్లా. 2022 నుంచి పల్నాడు జిల్లా.

మూట సిద్ధంగా ఉండాలి

అర్ధరాత్రి కట్టుబట్టలతో బయటపడ్డ ఆమెకు తెల్లారితే కాగితాలు కావాలి. అందుకని ఒక చిన్న మూట ముందే సిద్ధం చేసుకోవాలి. అందులో ఇవి ఉండాలి.

ఆధార్ కార్డు, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం.

పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, బడి కాగితాలు.

పెళ్లి ఫోటో, పెళ్లి పత్రిక.

ఆసుపత్రి చీటీలు, వాడే మందులు.

పొలం, ఇల్లు కాగితాల జెరాక్సులు.

బస్సు చార్జీకి డబ్బు, ఒక జత బట్టలు.

అసలు కాగితాలు తీస్తే అనుమానం వస్తుందనుకుంటే జెరాక్సులు పెట్టుకోవచ్చు. మూట ఇంట్లో దొరికితే గొడవ పెరుగుతుంది. నమ్మకమైన మనిషి దగ్గర దాచడం మంచిది.

నోటికి రావలసిన నంబర్లు

112 - పోలీసు సాయం. 100కి కూడా చేయవచ్చు.

181 - ఆడవాళ్లకు సాయం.

108 - అంబులెన్సు.

1098 - పిల్లలకు సాయం.

15100 - ఉచిత న్యాయ సాయం.

ఈ నంబర్లు రాయడం నేర్చుకోవాలి. బట్టీ పట్టాలి. కొందరు మొగుళ్లు పెళ్లాం ఫోను తీసి చూస్తారు. అలాంటప్పుడు పక్కింటివాళ్ల ఫోను నుంచి మాట్లాడాలి.

దెబ్బ తగిలాక

ముందు వైద్యం. దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు నిజం చెప్పాలి. "జారి పడ్డాను" అంటే చీటీలో అదే రాస్తారు. రేపు కోర్టులో ఆ చీటీయే సాక్ష్యం. చీటీ జాగ్రత్తగా దాచాలి. ఏ తేదీన ఏం జరిగిందో రెండు ముక్కలు రాసుకోవాలి. అ ఆలు నేర్చుకున్నందుకు ఇది ఒక పెద్ద లాభం.

ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. "ఇది మా హద్దు కాదు" అని తిప్పి పంపకూడదు. ఫిర్యాదు కాగితం చదివాకే సంతకం పెట్టాలి. చదవడం కష్టమైతే చదివి వినిపించమని అడగాలి. కేసు రాశాక ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. అది అడిగి తీసుకోవాలి.

మొగుడు, అతని చుట్టాలు పెట్టే క్రూర హింస నేరం. 1983లో ఇందుకోసం 498-ఎ సెక్షను వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షను అయింది. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

"మొగుడు జైలుకు పోవాలని లేదు. దెబ్బలు ఆగితే చాలు" అనే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు 2005 నాటి గృహ హింస చట్టం ఉంది. కొట్టవద్దని, దగ్గరికి రావద్దని కోర్టు ఆర్డరు ఇస్తుంది. ఖర్చులకు డబ్బు ఇప్పిస్తుంది. పిల్లల్ని తల్లి దగ్గర ఉంచమంటుంది. ఆ ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు. కాపురం చేసిన ఇంట్లోంచి ఆమెను ఇష్టం వచ్చినట్టు గెంటకూడదు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అక్కడ ఉండే హక్కు అడగవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ కేసు వేయడానికి జిల్లాలో రక్షణ అధికారి సాయం చేస్తారు. ఆడవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయం ఎంత అని చూడరు. గుంటూరు, ఒంగోలులో సఖి కేంద్రాలు ఉన్నాయి. అక్కడ కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. వైద్యం, పోలీసు, వకీలు సాయం అక్కడినుంచే అందుతుంది.

కోర్టు పని చాలాసార్లు ఆలస్యం అవుతుంది. ఆ లోపల ఆమెను కాపాడేది ముందు వేసుకున్న ఏర్పాటే. ఇల్లు వదిలి వచ్చిన తరువాతి రోజుల్లో ముప్పు ఇంకా ఎక్కువ. సామాను కోసం ఒంటరిగా తిరిగి పోకూడదు. "మాట్లాడుకుందాం రా" అని చేనుకు, చెరువు కట్టకు పిలిస్తే పోకూడదు. పెద్దమనుషులు రాజీ చేస్తామంటారు. రాజీ కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన, మళ్లీ కొడితే ఫిర్యాదు చేసే హక్కు పోదు.

చుట్టుపక్కలవాళ్ల పని

"మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకు?" అని తలుపు వేసుకుంటాం. ఆ తలుపు వల్లే కొట్టేవాడికి ధైర్యం. నలుగురు కలిసి పోయి తలుపు కొట్టాలి. నిప్పు అడిగినట్టు, చేటంత ఉప్పు అడిగినట్టు పిలవవచ్చు. ఆ ఒక్క పిలుపుతో దెబ్బ ఆగవచ్చు. కత్తి, గొడ్డలి ఉంటే దగ్గరికి పోకుండా 112కి చేయాలి.

ఆమె చెప్పిన సంగతి ఊళ్లో చాటకూడదు. "ఇంకా ఎందుకు పడి ఉన్నావు?" అని దెప్పకూడదు. ఎప్పుడు బయటికి రావాలో ఆమెకే ఎక్కువ తెలుసు. వచ్చిన రోజున తలుపు తీయడం మన పని.

మాట్లాడుకోండి

1. మన ఊళ్లో అర్ధరాత్రి ఒక ఆడమనిషి తలుపు కొడితే ఎవరింట్లో చోటు దొరుకుతుంది?

2. మన సంఘంలో గుర్తు మాట ఏది పెట్టుకుందాం?

3. మన ఇళ్లలో పురుగు మందు ఎక్కడ ఉంది?

రాయండి

మీ ఊరు, మండలం, జిల్లా పేర్లు రాయండి. 112, 181 నంబర్లు చూడకుండా ఐదుసార్లు రాయండి.