ప్రేక్షకుని ఉత్సాహము

2016 ఆగస్టు 19వ తేదీ రాత్రి, రియో డి జనీరో నగరమున జరుగుచున్న ఒలింపిక్సు క్రీడలలో మన పూసర్ల వెంకట సింధు స్పెయిను దేశపు కరోలినా మారిన్‌తో మహిళల సింగిల్సు ఫైనలు ఆడుచుండగా, బ్యాడ్మింటను నియమము లెట్టివో అంతవరకు ఎరుగనివారు సైతము భోజనము మాట మరచి టెలివిజను ఎదుట కూర్చుండిరి. తొలి గేమును సింధు 21–19తో గెలుచుకొనినది. తరువాతి రెండును 12–21, 15–21తో చేజారినవి. అయినను భారత మహిళకు ఒలింపిక్సులో రజతము దక్కుట అదే ప్రథమము గనుక, ఓటమి ఎవరికిని ఓటమిగా తోచలేదు. ఆ రాత్రి నిద్రకు పోవుచు ఎందరు గృహస్థులు అటక మీది పాత రాకెట్టును తలచుకొనిరో లెక్క చెప్పజాలము గాని, అట్టి తలంపు మనలో చాలమందికి అనుభవైకవేద్యమే. సంగీత కచేరి విని లేచినవాడు మరునాడే తంబురా కొనబోడు. పరుగుపందెము చూచినవాడు మాత్రము అప్పుడే తన పిక్కలు బిగిసినవనుకొనును.

ఈ ఉత్సాహము నిజముగా జనులను మైదానమునకు దింపునా యను ప్రశ్న పాశ్చాత్య దేశములలో పెద్ద చర్చకే తావిచ్చినది. 2012 నాటి లండను ఒలింపిక్సు నిర్వాహకులు తమ క్రీడోత్సవము ఒక తరమునంతటిని ఆటలవైపు మరల్చునని చాటి, ఆ ఆశయమునే నినాదముగా చేసికొనిరి. మరుసటి సంవత్సరమే బ్రిటనులోని ప్రభువుల సభ సంఘమొకటి విచారించి, ఆటలాడువారి సంఖ్యలో ఆశించినంత గొప్ప మార్పు వచ్చినదనుటకు తగిన నిదర్శనము లేదని తేల్చినది. అంతకు పూర్వపు క్రీడోత్సవములను పరిశీలించిన పండితులును ఇంచుమించు ఆ మాటయే చెప్పిరి. అయితే వారు గమనించిన విశేషమొకటి కలదు: ఇదివరకే ఆడుచున్నవాడు మరికొంత ఎక్కువ ఆడును, ఎన్నడో ఆడి మానినవాడు తిరిగివచ్చును, ఎన్నడును ఆడనివాడు కుర్చీ విడువడు. అత్యున్నత ప్రతిభను చూచినప్పుడు కొందరికి ‘ఇది మనవల్ల అగునది కాదు’ అను నిరుత్సాహమే కలుగునని కూడ వారి అభిప్రాయము; అందు సత్యమున్నదనియే నాకు తోచుచున్నది.

మరికొందరికి ఆట తేలికయని తోచుటకు టెలివిజను స్వభావము కొంత కారణము. ప్రధానమైన కెమెరా కోర్టు వెనుక ఎత్తున ఉండుటచే 13.4 మీటర్ల పొడవు గల స్థలము కుంచించుకొనిపోయి, నాలుగడుగులు వేసిన చాలుననిపించును. పదునారు ఈకలతో ఐదు గ్రాములకు అటునిటుగా తూగు షటిలు, అగ్రశ్రేణి క్రీడాకారులు స్మాషు కొట్టినప్పుడు గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో రాకెట్టును విడిచి, ఈకలకు గాలి అడ్డుపడగా నేల చేరకమునుపే ఆ వేగములో చాల భాగము కోల్పోవును. పై నుండి చూచు మనకు ఆ వేగమును తెలియదు, ఆ పతనమును తెలియదు. 2017లో గ్లాస్గో నగరమున ప్రపంచ పోటీల ఫైనలులో సింధుయు, జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహారాయు 110 నిమిషములు పోరాడిరి. అందు ఒక్క పాయింటు కొరకే 73 దెబ్బల ర్యాలీ సాగినది. వార్తలలో చూచినవారికి అదంతయు రెండు మూడు నిమిషముల ముచ్చట. నేర్వగోరువాడు చూడవలసినది స్మాషును కాదు, పాదములను: కొట్టిన మరుక్షణమే కోర్టు నడుమకు మరలుట, ఎదుటివారి రాకెట్టు షటిలును తాకు సమయమునకు సరిగా మడమలు ఇంచుక లేపి చిన్న గెంతు వేయుట, ఆ గెంతు నేలనంటిన వెంటనే ఏ మూలకైనను కదలుట. ఆటలో సగము ఆ గెంతులోనే ఉన్నది.

సింధు కథయే దీనిని మరియొక వైపు నుండి తెలుపును. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటను పోటీలలో విజేతయైనప్పుడు ఆమెకు ఆరేండ్లు నిండలేదు. ఆ విజయమే ఆమెను బ్యాడ్మింటను వైపు లాగినది. కాని ఆ వార్త ఆనాడు ఎన్ని లక్షల ఇండ్లకు చేరలేదు! ఈ ఇంట తండ్రి రమణ, తల్లి విజయ ఇరువురును వాలీబాలు క్రీడాకారులు. తండ్రి అర్జున పురస్కార గ్రహీత. నిప్పురవ్వ ఎండుకట్టెపై పడినది. అటుపిమ్మట ఆమె ఇంటి నుండి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి దినమునకు 56 కిలోమీటర్లు ప్రయాణము చేయుచు, వేళ తప్పక హాజరగుచున్నదని పత్రికలు వ్రాసినవి. రియోకు ముందు మూడు మాసములు గురువైన గోపీచంద్ ఆమె చేత ఫోను ముట్టనీయలేదు. అచ్చటికి చేరిన పిదప ఆమెకు ప్రీతియైన తీపి పెరుగును, ఐస్‌క్రీమును సైతము మాన్పించెను. టెలివిజను ఆ తీపి పెరుగును చూపదు.

ఇక నలువది దాటి, ఏండ్ల తరబడి కుర్చీలో పనిచేసిన మనిషి మరునాటి ఉదయమే సింధువలె ఎగిరి కొట్టబోయినచో ఏమగునో వైద్యులకు సుపరిచితమే. కండరము కొద్ది వారములలో బలపడును. దానిని ఎముకకు బంధించు స్నాయువునకు నెలలు పట్టును. అందుచే ‘నాకు బలము వచ్చినది’ అని మనిషి మురియుచున్న సమయముననే మడమ వెనుకటి స్నాయువు పుటుక్కున తెగుట కలదు. తెగినవానికి వెనుకనుండి ఎవరో పిక్కపై తన్నినట్లుండి, కోపముతో తిరిగి చూచును. వెనుక ఎవరును ఉండరు. కనుక తొలి నెల నడకకును తాడాటకును విడిచి, కోర్టులో దిగునప్పుడు పరుగు బూట్లు మాని, పలుచని గమ్ సోలు గల షటిలు బూట్లు తొడుగవలెను. ప్రక్కలకు కదలు ఆటలో ఎత్తైన మెత్తని మడమ చీలమండను మెలిపెట్టును. గుండెజబ్బు, రక్తపోటు గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. వయసు మళ్లినవారికి డబుల్సు శ్రేయస్కరము. సగము కోర్టును జతగాడు చూచుకొనును, ఓడినప్పుడు నిందయు సగమే పడును.

నా దృష్టిలో మనకు ఉత్సాహమునకు లోటు లేదు, లోటు కోర్టునకే. టెలివిజను మన ఊళ్లకు రాకమునుపు, పసుపుపచ్చని ఉన్ని బంతితో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు చేరి ఆడు బాల్ బ్యాడ్మింటను మన పట్టణములలో సాయంకాలములందు సాగుచుండెడిది. ఆడిన గుమాస్తాలకును ఉపాధ్యాయులకును ఏ విశ్వవిజేత స్ఫూర్తియు అక్కరలేకపోయినది. కోర్టు ఇంటికి పోవు దారిలోనే ఉన్నది, ఐదవవాడు తక్కువైనప్పుడు కేక వేసి పిలుచువాడు ఉన్నాడు. నేడు హైదరాబాదు, విజయవాడలలో రేకుల కప్పు క్రింద మంచి కోర్టులు గంటకింత అని అద్దెకు దొరకుచున్నవి గాని, ఉద్యోగులందరికిని ఉదయము ఆరు, సాయంకాలము ఏడు గంటల వేళలే కావలసియుండుటచే కొత్తవానికి మిగులునది మిట్టమధ్యాహ్నము. ఆ పేటలోనే పాఠశాల మైదానము, గేటుకు తాళముతో, ప్రొద్దు గ్రుంకువరకు ఖాళీగా పడియుండును. 2028లో లాస్ ఏంజిలిసు ఒలింపిక్సు వచ్చును. అప్పటికి ఆ తాళపుచెవి సాయంకాలము ఎవరి చేత ఉండవలెనో పేటవారు ఇప్పుడే పాఠశాలవారితో మాట్లాడి పెట్టుకొనుట మేలు.