వే ప్రోటీన్ పొడి ఎంపిక: డబ్బా ముందు మాటలు కాదు, వెనక అంకెలు చూడండి

కానిస్టేబుల్, అగ్నివీర్ ఎంపికలకు సిద్ధమవుతున్న గ్రామీణ యువత ఇప్పుడు పరుగు, కసరత్తులతో పాటు ప్రోటీన్ పొడి మీద కూడా దృష్టి పెడుతున్నారు. జిమ్‌లో ఎవరో చెప్పారని రెండు, మూడు వేల రూపాయలు పెట్టి డబ్బా కొంటున్నారు. దాని మీద 'గ్రాస్ ఫెడ్' అనో, 'సహజ తీపి' అనో రాసి ఉంటే ధర ఇంకా పెరుగుతుంది. పాలు కేంద్రానికి పోసి, ఆ డబ్బుతో పాల నుంచే తీసిన పొడిని కొనుక్కుంటున్న పాడి రైతు కుటుంబాలూ ఉన్నాయి. కొనాలా వద్దా, కొంటే దేన్ని ఎంచుకోవాలి అనేది తెలుసుకుంటే డబ్బు, ఆరోగ్యం రెండూ నిలుస్తాయి.

వే ప్రోటీన్ అంటే ఏమిటి?

పాలు విరిగినప్పుడు గడ్డ ఒకవైపు, పసుపు పచ్చని నీళ్లు ఒకవైపు విడిపోతాయి. ఆ విరుగుడు నీళ్లనే ఇంగ్లీషులో 'వే' అంటారు. ఆవు పాలలో సుమారు 3.2 శాతం ప్రోటీన్ ఉంటుంది. అందులో 80 శాతం కేసిన్, మిగిలిన 20 శాతం వే ప్రోటీన్. అంటే లీటరు పాలలో ఉన్న 32 గ్రాముల ప్రోటీన్‌లో వే వాటా ఆరు గ్రాములు మాత్రమే. 25 గ్రాముల వే ప్రోటీన్ కావాలంటే దాదాపు నాలుగు లీటర్ల పాల విరుగుడు నీళ్లు అవసరం.

చీజ్ తయారీలో మిగిలే ఈ నీళ్లను సన్నని పొరల గుండా వడకట్టి, లాక్టోజ్‌ను, నీటిని తగ్గించి, చివరకు వేడి గాలిలో పిచికారీ చేసి పొడిగా మారుస్తారు. మార్కెట్లో ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి.

• కాన్సన్‌ట్రేట్: మంచి రకంలో సుమారు 80 శాతం ప్రోటీన్ ఉంటుంది. కొంత లాక్టోజ్, కొంత కొవ్వు మిగులుతాయి. ధర తక్కువ.
• ఐసోలేట్: సుమారు 90 శాతం ప్రోటీన్ ఉంటుంది. లాక్టోజ్, కొవ్వు చాలా తక్కువ. పాలు తాగితే కడుపు ఉబ్బరించే వారికి ఇది కొంత మేలు. ధర ఎక్కువ.

ఇంట్లో పన్నీరు చేసినప్పుడు మిగిలే నీళ్లు దీనికి సాటి రావు. పన్నీరు కోసం పాలను బాగా వేడి చేస్తాం కాబట్టి వే ప్రోటీన్‌లో ఎక్కువ భాగం పన్నీరు గడ్డలోనే చేరిపోతుంది. అయినా ఆ నీళ్లను పారబోయకండి. చపాతీ పిండి కలపడానికి, పప్పు ఉడికించడానికి పనికొస్తాయి.

'గ్రాస్ ఫెడ్' మాటకు ఎంత విలువ?

మన దగ్గర గడ్డి అంటే వరిగడ్డి కూడా గడ్డే. కానీ డబ్బా మీది 'గ్రాస్ ఫెడ్' అంటే పచ్చిక బయళ్లలో మేసిన ఆవుల పాలు అని అర్థం. న్యూజిలాండ్, ఐర్లాండ్ వంటి దేశాల్లో వానలు, చల్లని వాతావరణం వల్ల ఆవులు సంవత్సరంలో ఎక్కువ కాలం బయటే మేస్తాయి.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, 'గ్రాస్ ఫెడ్' అంటే దాణా అసలు పెట్టలేదని కాదు. ఐర్లాండ్‌లో బోర్డ్ బియా సంస్థ ప్రమాణం మేతలో గడ్డి వాటాను పచ్చి బరువు మీద లెక్కిస్తుంది. పచ్చిమేతలో మూడు వంతులకు పైగా నీరే ఉంటుందని పాడి రైతుకు తెలుసు. అదే లెక్క ఎండు పదార్థం మీద వేస్తే గడ్డి వాటా తగ్గి, దాణా వాటా పెరుగుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. పచ్చిక మేయడం వల్ల మారేది ప్రధానంగా పాల కొవ్వు. ఒమేగా-3 కొవ్వులు, బీటా కెరోటిన్ పెరుగుతాయి. పచ్చిమేత మేసిన ఆవు వెన్న పసుపు రంగులో ఉండేది అందుకే. కానీ పొడి తయారీలో కొవ్వును దాదాపుగా తీసేస్తారు. ఐసోలేట్‌లో మిగిలే కొవ్వు ఒక శాతం లోపే. ప్రోటీన్ నాణ్యత మాత్రం మేతతో పెద్దగా మారదు. కాబట్టి 'గ్రాస్ ఫెడ్' మాటకు మీరు ఎక్కువ డబ్బు ఇస్తే అది పశువును పెంచిన తీరుకు ఇచ్చినట్టే తప్ప ఎక్కువ బలానికి ఇచ్చినట్టు కాదు. ఆ పద్ధతి నచ్చి ఇవ్వదలిస్తే, ఏ సంస్థ ధ్రువీకరించిందో డబ్బా మీద పేరు ఉందో లేదో చూడండి. పేరు లేకపోతే అది కంపెనీ సొంత మాట మాత్రమే.

'సహజ తీపి' అంటే ఏమిటి?

సహజ తీపి అని రాసిన పొడుల్లో సాధారణంగా వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

• స్టీవియా: మన రైతులకు మధుపత్రిగా తెలిసిన మొక్క. పొడిలో వాడేది ఆకు కాదు, ఆకు నుంచి తీసి శుద్ధి చేసిన స్టీవియాల్ గ్లైకోసైడ్లు. లేబుల్ మీద ఐ.ఎన్.ఎస్. 960 అని ఉంటుంది. కొంచెం చేదు నాలుక మీద మిగులుతుంది.
• మాంక్ ఫ్రూట్: దక్షిణ చైనాలో పండే ఒక పండు సారం.
• బెల్లం, కొబ్బరి చక్కెర, ఖర్జూరం పొడి: సహజమే, కానీ ఒంట్లో చక్కెరలాగే పనిచేస్తాయి. షుగర్ ఉన్నవారికి ఇవి సురక్షితం అనుకోవద్దు.

కొన్ని డబ్బాల ముందు 'స్టీవియాతో' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వెనక చూస్తే 955 (సుక్రలోజ్), 950 (ఎసిసల్ఫేమ్ పొటాషియం) కూడా ఉండవచ్చు. అవి కృత్రిమ తీపి పదార్థాలు. సహజ తీపి కోసమే ఎక్కువ ధర ఇస్తున్నప్పుడు ఈ అంకెలు తప్పక చూడాలి.

అలాగే 'చక్కెర కలపలేదు' అని ఉండి, పదార్థాల జాబితాలో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉందేమో చూడండి. అది పిండి నుంచి తీసినది. చక్కెర గడిలో కనిపించదు గానీ రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది.

బరువు తగ్గడానికి చక్కెర లేని తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన స్టీవియాకు కూడా వర్తిస్తుంది. అందుకే అన్నిటికన్నా మంచి ఎంపిక ఏ తీపీ, ఏ రుచీ కలపని సాదా పొడి. దాన్ని పాలలో ఒక అరటిపండుతో కలుపుకుంటే సరిపోతుంది.

నత్రజనితో జరిగే మోసం

పాలలో యూరియా కల్తీ గురించి పాడి రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రోటీన్ పొడిలో జరిగే మోసం కూడా అలాంటిదే. సాధారణ పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. అందులోని నత్రజనిని కొలిచి, పాల పదార్థాలకైతే 6.38తో గుణిస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, ఈ లెక్కన 100 గ్రాముల యూరియా 290 గ్రాములకు పైగా ప్రోటీన్‌లా కనిపిస్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపింది ఈ కిటుకుతోనే.

ప్రోటీన్ పొడుల్లో ఇందుకు గ్లైసిన్, టారిన్ వంటి చవక అమైనో ఆమ్లాలు కలుపుతారు. లెక్కలో ప్రోటీన్ పెరుగుతుంది, కండకు మాత్రం ఉపయోగం ఉండదు. పదార్థాల జాబితాలో ఈ పేర్లు విడిగా కనిపిస్తే ఆ డబ్బాను పక్కన పెట్టండి.

ఇది ఊహ కాదు. మన దేశంలో అమ్ముతున్న 36 ప్రోటీన్ ఉత్పత్తులను పరీక్షించి కేరళ వైద్యుల బృందం 2024లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 70 శాతం ఉత్పత్తుల్లో లేబుల్ మీది ప్రోటీన్ లెక్క సరిగా లేదు. కొన్నిటిలో మొక్కజొన్న, వేరుశనగకు బూజు పడితే వచ్చే అఫ్లాటాక్సిన్ కూడా బయటపడింది.

కొనే ముందు చూడవలసినవి

1. పదార్థాల జాబితాలో మొదటి పేరు వే ఐసోలేట్ లేదా వే కాన్సన్‌ట్రేట్ అయి ఉండాలి. ఎక్కువ బరువున్న పదార్థాన్నే ముందు రాస్తారు.
2. జాబితా ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది.
3. 100 గ్రాముల పొడిలో కనీసం 75 గ్రాముల ప్రోటీన్ ఉండాలి.
4. 'కలిపిన చక్కెర' గడి చూడండి. సున్నా లేదా దానికి దగ్గరగా ఉండాలి.
5. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు సంఖ్య 14 అంకెలతో ఉండాలి. విదేశీ డబ్బా అయితే దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి.
6. బ్యాచ్‌కు సంబంధించిన బయటి ప్రయోగశాల నివేదికను కంపెనీ చూపుతోందా అని అడగండి.
7. సీలు, గడువు తేదీ చూడండి. విడిగా కవర్లలో కట్టి అమ్మే పొడి కొనవద్దు.

ధర లెక్క ఎలా వేయాలి?

డబ్బా ధరను కాదు, గ్రాము ప్రోటీన్ ధరను పోల్చాలి. ఉదాహరణకు 2,400 రూపాయల కిలో డబ్బాలో 40 గ్రాముల చెంచాకు 20 గ్రాముల ప్రోటీన్ ఉందనుకుందాం. కిలోలో 500 గ్రాములు, అంటే గ్రాముకు 4.80 రూపాయలు. 3,000 రూపాయల కిలో డబ్బాలో 100 గ్రాములకు 75 గ్రాములు ఉంటే గ్రాముకు 4 రూపాయలే. చవకగా కనిపించిన డబ్బాయే ఖరీదైనది.

ఇదే లెక్క ఇంటి తిండికి వేయండి. ఏడు రూపాయల గుడ్డులో 6 గ్రాములు, 40 రూపాయల లీటరు పాలలో 32 గ్రాములు. రెండింటిలోనూ గ్రాము ప్రోటీన్ రూపాయిన్నర లోపే దొరుకుతుంది.

ఎవరికి అవసరం? ఎవరు వాడకూడదు?

మన ఆహార సిఫారసుల ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల వ్యక్తికి 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు, అర లీటరు పాలు, రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగ గింజలతో దాదాపు 70 గ్రాములు వస్తాయి. గట్టిగా సాధన చేసేవారు ఇంకో రెండు గుడ్లు, 30 గ్రాముల మీల్‌మేకర్ కలుపుకుంటే 95 గ్రాములు దాటుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడులు వాడవద్దని, ఆహారం నుంచే ప్రోటీన్ పొందాలని సూచించింది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, 18 ఏళ్ల లోపు పిల్లలు వైద్యుని సలహా లేకుండా వాడరాదు. పాలు పడక ఒంటిపై దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు ఐసోలేట్‌ను కూడా ముట్టకూడదు. పసిపిల్లల పాలకు బదులుగా ఈ పొడిని ఎప్పుడూ వాడకండి.

కాబట్టి ముందు ఇంట్లో పాలు, గుడ్లు, పప్పు సరిపడా తింటున్నారో చూసుకోండి. అవి తిన్నా చాలనప్పుడు, తినే వీలు లేనప్పుడు మాత్రమే పొడి గురించి ఆలోచించండి. రోజూ కేంద్రానికి పోసే పాలలో అర లీటరు ఇంట్లో ఉంచుకోవడం చాలా కుటుంబాలకు డబ్బా కంటే మంచి పెట్టుబడి.