సంక్రాంతి సెలవుల్లో పిల్లల చేతికి పని, పెద్దల కంటికి పని

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే పిల్లలకు పండగే. తల్లులకు మాత్రం సగం పండగ, సగం పరీక్ష. ఒక పక్క ఇల్లు దులపడం, ఇంకో పక్క అరిసెల పాకం, మధ్యలో వచ్చే పోయే చుట్టాలు. ఈ హడావుడిలో పిల్లవాడు కాళ్ళకూ చేతులకూ అడ్డం పడుతుంటే, “వీడు కాసేపు ఒకచోట కూర్చుంటే చాలు” అనిపిస్తుంది. వెంటనే చేతికి సెల్‌ఫోను ఇచ్చేస్తాం. వాడు కూర్చుంటాడు. అలా కూర్చునే వుంటాడు. అన్నం కలిపి పెడితే ఏం తిన్నాడో కూడా వాడికి తెలియదు.

రెండేళ్ళు నిండని పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు ఒక గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అయిదేళ్ళు దాటిన పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ఆ మరుసటి యేడు చెప్పింది. సలహా బాగానే వుంది. కాని ఫోను లాక్కుంటే సరిపోదు కదా! ఆ ఖాళీ చేతిలో ఏదో ఒక పని పెట్టాలి.

ఆ పనులన్నీ మన పెద్ద పండగలోనే వున్నాయి. ముగ్గు, గొబ్బెమ్మ, పిడకల దండ, గాలిపటం, బొమ్మల కొలువు - ఇవి పిల్లల కండరాలకు, కళ్ళకు, తెలివికి మందు లాంటివి. అయితే ఏ మందుకైనా పథ్యం వుంటుంది. ఈ మందుకు పథ్యం ఒక్కటే: పక్కన ఒక పెద్దమనిషి వుండాలి. పండగ రోజుల్లో జరిగే ప్రమాదాలు చాలా మటుకు పిల్లలు ఆడినందువల్ల రావు. ఆ సమయానికి పెద్దలు దగ్గర లేనందువల్ల వస్తాయి.

ముగ్గు: వేళ్ళకు వ్యాయామం

బొటనవేలికీ, చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని సన్నని ధారగా వదలడం చూడడానికి తేలిక. కాని చిన్నపిల్లల వేళ్ళకు అది గొప్ప సాధన. పెన్సిలు పట్టుకుని గుండ్రంగా రాయడానికి ఏ కండరాలు కావాలో, ముగ్గుకూ అవే కావాలి. చుక్కలు లెక్కపెట్టడం, ఇటు వేసిన మెలికే అటూ వెయ్యడం లెక్కల పాఠమే. మన చుక్కల ముగ్గుల లాంటివే తమిళుల కోలాలు. వాటిలోని క్రమాన్ని 1970లలో మద్రాసులోని గణిత పండితులు శాస్త్రీయంగా పరిశీలించారు కూడా.

నాలుగేళ్ళ పిల్లకు గీతలు నేర్పకండి. చుక్కలు పెట్టనివ్వండి చాలు. ఆరేళ్ళకు మూడు చుక్కలు మూడు వరసలు, ఎనిమిదేళ్ళకు అయిదు చుక్కలు అయిదు వరసలు ఇవ్వవచ్చు. వంకర పోయిందని చెరిపి మీరు వేస్తే మాత్రం మర్నాడు ఆ పిల్ల వాకిట్లోకి రాదు.

రంగులు ఇంట్లోనే చేయించండి. బియ్యప్పిండిలో పసుపు కలిపితే పసుపురంగు. అందులో కొంత పిండి వేరే తీసి, తినేసోడా కలిపిన నీళ్ళు చిలకరిస్తే ఎర్రబారుతుంది. పిల్లలు దీన్ని గారడీలా చూస్తారు. తడి పిండిని నీడలో ఆరబెట్టి నలిపితే రంగు సిద్ధం. పెద్దవాళ్ళు పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తారు. పిల్లలకు మాత్రం సున్నం ఇవ్వకండి. తడి సున్నం కంట్లో పడితే నల్లగుడ్డు కాలిపోయి చూపు పోయే ప్రమాదం వుంది. పొరపాటున పడితే కొళాయి కింద గాని, చెంబుతో ధారగా గాని 20 నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్ళతో కన్ను కడగాలి. రెప్ప తెరిచి పట్టుకుని కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. కడగకుండా పరుగెత్తితే దారిలోనే కన్ను దెబ్బతింటుంది.

ఉబ్బసం వున్న పిల్లల దగ్గర ముగ్గుపిండి జల్లించడం, రంగులు ఎగరెయ్యడం మంచిది కాదు.

గొబ్బెమ్మలు, పిడకల దండలు

పేడను చిన్న గారెల్లా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, ఎండలో ఆరబెట్టి, పురికొసకు గుచ్చితే భోగి దండ తయారవుతుంది. పండగకు వారం రోజుల ముందే మొదలుపెడితే బాగా ఎండుతాయి. రోజూ వెళ్ళి తిరగెయ్యడం, ఎన్ని ఎండాయో లెక్కపెట్టడం పిల్లల వంతు. ఓపికగా ఎదురుచూడడం నేర్పే ఆట ఇంతకన్నా లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పేడలోనూ, మట్టిలోనూ ధనుర్వాతం కలిగించే క్రిములు వుంటాయి. చేతికి గాయం గాని, పగుళ్ళు గాని వున్న పిల్లలు పేడ ముట్టుకోకూడదు. ధనుర్వాతం టీకాలు పసితనంలో మొదలవుతాయి. ఆ తర్వాత ఒకటిన్నర నుంచి రెండేళ్ళ మధ్య ఒకసారి, అయిదారేళ్ళకు ఒకసారి, మళ్ళీ 10వ ఏట, 16వ ఏట వెయ్యాలి. పండగకు ముందే మీ పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. చాలా ఇళ్ళలో పదో ఏటి టీకా మరచిపోతుంటారు.

రెండోది గోళ్ళు. ముందురోజే కత్తిరించండి. పని అయ్యాక సబ్బుతో, వేళ్ళ సందులు కూడా, కనీసం 20 సెకన్లు కడిగించండి. వేళ్ళు నోట్లో పెట్టుకునే పిల్లలకు కడుపులో పురుగులు చేరే దారి ఇదే.

పట్నంలో అపార్టుమెంట్లలో వున్నవారికి పేడ దొరకదు. బాధ లేదు. బంకమట్టితో గొబ్బెమ్మ చేసి గుమ్మడిపువ్వో, బంతిపువ్వో పెట్టవచ్చు. మట్టి పిసికే చేతికి లాభం ఒకటే.

గాలిపటం: కళ్ళకు మేలు

గాలిపటం కొనడం కన్నా చెయ్యడంలోనే ఆనందం. పలుచని రంగు కాగితం ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు కత్తిరించండి. సన్నని కొబ్బరి ఈనెలు రెండు తీసుకోండి. ఒకటి మూల నుంచి ఎదురు మూలకు నిటారుగా, రెండోది మిగిలిన రెండు మూలలకు విల్లులా వంచి, మైదా జిగురుతో అంటించండి. ఈనెలు కలిసే చోట ఒక దారం, నిలువు ఈనె అడుగున కాస్త పైకి మరో దారం కట్టి, రెండు కొసలూ కలిపి ముడి వెయ్యండి. అడుగు మూలకు కాగితం తోక అంటించండి. పక్కకు వాలిపోతుంటే తోక ఇంకొంచెం పొడుగు చెయ్యాలి. అది ఎందుకో పిల్లలనే కనుక్కోనివ్వండి.

ఎగరేసే పిల్లవాడు పరుగెత్తుతాడు, దూరం చూస్తాడు, వెలుతుర్లో వుంటాడు. ఈ వెలుతురే కళ్ళకు మేలు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల ఒకటో తరగతి పిల్లలపై జరిపిన పరిశోధన 2015లో వెలువడింది. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లలను ఆరుబయట వుంచారు. మూడేళ్ళు గడిచాక చూస్తే, ఆ బడుల్లో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం వచ్చింది. మిగతా బడుల్లో నూటికి దాదాపు 40 మందికి వచ్చింది. అప్పటికే వున్న కళ్ళజోడు దీనితో పోదు. కాని కొందరికి జోడు రాకుండా ఆపవచ్చు. ఒక్క జాగ్రత్త: సూర్యుడు ఎప్పుడూ పిల్లవాడి వీపు వెనక వుండాలి.

ఇక దారం సంగతి. నైలాను మాంజా, గాజుపొడి పూసిన మాంజా దేశమంతటా వాడకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా చాటుగా అమ్ముతున్నారు. అది వేళ్ళనే కాదు, దారిన పోయేవారి మెడను కూడా కోస్తుంది. మామూలు నూలుదారం కొనండి. పందెంలో ఓడిపోతే పోనివ్వండి. పండగ రోజుల్లో స్కూటరు మీద పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి తీసుకువెళ్ళకండి. నడిపేవారు మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోవాలి.

పిట్టగోడ లేని డాబా మీద గాలిపటం వద్దు. ఆకాశం చూస్తూ వెనక్కి నడిచే పిల్లవాడికి డాబా అంచు కనిపించదు. కరెంటు తీగకు చిక్కిన గాలిపటాన్ని కర్రతో లాగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. “తీగకు పట్టుకుంటే అది తీగదే, ఇంకోటి చేసుకుందాం” అని ముందే ఒప్పందం చేసుకోండి.

భోగిమంట

పిల్లలు దండ వెయ్యాలి, కాని మంట దగ్గరికి పెద్దల చెయ్యి పట్టుకునే వెళ్ళాలి. నైలాను పరికిణీలు, వేలాడే ఓణీలు కాకుండా నూలు బట్టలు తొడగండి. పాత టైర్లు, ప్లాస్టిక్ సామాను మంటలో పడేయకండి. ఆ పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు విషం. పక్కనే బకెట్టుతో నీళ్ళు వుంచండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేలమీద పడుకోబెట్టి దొర్లించాలి.

ఒళ్ళు కాలితే కొళాయి నీటి ధార కింద 20 నిమిషాలు వుంచండి. మంచుగడ్డ, సిరా, టూత్‌పేస్టు, నెయ్యి - ఇవేవీ రాయకూడదు. బొబ్బలు చిదపకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి.

భోగిపళ్ళు: అసలు జాగ్రత్త ఇక్కడే

సాయంత్రం పేరంటాళ్ళు చేరి, బిడ్డకు దిష్టి తీసి తలమీద భోగిపళ్ళు పోస్తారు. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు, పూలరేకులు. ఎంత ముచ్చటైన వేడుక! అయితే ఒక్క పూలరేకులు తప్ప ఈ జాబితాలో ప్రతి వస్తువూ పసిబిడ్డ గొంతుకు అడ్డం పడేదే. నాలుగేళ్ళలోపు పిల్లలు గట్టి వస్తువులను సరిగా నమలలేరు. వాళ్ళ గాలిగొట్టం చాలా సన్నం. ఒక శనగగింజ చాలు, దాన్ని మూసెయ్యడానికి.

వేడుక మానమని కాదు. చిన్నపిల్లలకు పూలరేకులు దోసెళ్ళతో పొయ్యండి. పళ్ళు, డబ్బులు శకునానికి నాలుగైదు, లెక్కపెట్టి వెయ్యండి. తల్లి ఒడిలో నిటారుగా కూర్చోబెట్టండి. పోసిన వెంటనే అన్నీ ఏరి, లెక్క సరిచూసుకోండి. ఏరే పని పెద్దపిల్లలకు అప్పగిస్తే వాళ్ళకూ ఆటే. రేగిపళ్ళలో విటమిన్ సి బాగా వుంది. పెద్దపిల్లలు కడుక్కుని తినవచ్చు. చిన్నవాళ్ళకు గింజ తీసి గుజ్జు పెట్టండి.

పొలమారి గట్టిగా దగ్గుతున్న బిడ్డను దగ్గనివ్వండి. నోట్లో వేలు పెట్టి కెలకకండి. గింజ ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రాక, ఏడుపు రాక, పెదవులు నీలంగా మారుతుంటే క్షణం ఆలస్యం చెయ్యకూడదు. ఒకరు 108కి ఫోను చెయ్యాలి. ఏడాది లోపు బిడ్డనైతే మరొకరు ముంజేతి మీద బోర్లా, తల కిందికి వుండేలా పడుకోబెట్టి, రెండు భుజాల నడుమ అరచేతి మొదలుతో 5 సార్లు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో 5 సార్లు నొక్కాలి. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి వీపు మీద 5 సార్లు చరచాలి. రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కాలి. గింజ బయటపడేవరకూ ఇలా మార్చి మార్చి చెయ్యాలి.

పొలమారి తగ్గిపోయింది కదా అని ఊరుకోకూడదు. ఆ తర్వాత రోజుల్లో దగ్గు వదలకపోయినా, పిల్లికూతలు వచ్చినా, గింజ ఊపిరితిత్తుల్లో చిక్కుకుందేమో అనుమానించాలి. భోగిపళ్ళ సంగతి డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే అది మామూలు జలుబే అనుకునే అవకాశం వుంది. బిడ్డ నాణెం మింగితే అరటిపండు తినిపించడం, వాంతి చేయించడం వద్దు. ఎక్స్‌రే తీయించండి.

బొమ్మల కొలువు

ఇంట్లో వున్న బొమ్మలు మెట్ల మీద పేర్చడంతో సరిపెట్టకండి. అగ్గిపెట్టెలతో ఇళ్ళు, మట్టితో బావి, కొబ్బరి ఈనెలతో దడి కట్టించి, ముందు ఒక ఊరు పెట్టించండి. చూడవచ్చినవారికి ఆ ఊరి కథ పిల్లలే చెప్పాలి. నలుగురిలో నోరు విప్పని పిల్లకు ఇది మంచి మందు. రంగు పెచ్చులూడిన పాత బొమ్మలను మాత్రం నోట్లో పెట్టుకునే పిల్లలకు అందనివ్వకండి.

నాన్నలకు ఒక మాట

ఇవన్నీ చదివి, “నాకింత తీరిక ఎక్కడిది?” అని తల్లులు అడుగుతారు. నిజమే. పొయ్యి మీద మూకుడు పెట్టుకున్న మనిషి వాకిట్లో కాపలా వుండలేదు. కాబట్టి ఈ పని నాన్నలది, తాతయ్యలది, మామయ్యలది. ఉదయం ఒక గంట ముగ్గు దగ్గర, సాయంత్రం ఒక గంట మైదానంలో. ఆ రెండు గంటలూ మీ ఫోను కూడా బీరువాలో పెట్టండి. ఆడే పిల్లలను కనిపెట్టి వుండే పెద్దమనిషే ఆ ఇంటికి పండగ మూడు రోజులూ డాక్టరు.