పోలీసు జవాబుదారీ విచారణలలో సమాచార విశ్లేషకుడి పాత్ర: ఇంగ్లండ్, వేల్స్ అనుభవం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పోలీసులపై వచ్చే తీవ్ర ఆరోపణలను పోలీసేతర సంస్థ విచారించినప్పుడు, ఆ సంస్థకు లభించే ఆధారాలలో ఎక్కువ భాగం పోలీసులే తయారుచేసిన పత్రాలు. విచారణకు గురయ్యేవారు రాసిన పత్రాల నుండే వారికి సంబంధించిన నిజాన్ని రాబట్టవలసి రావడం ఈ విచారణలలోని ప్రధాన సమస్య. ఈ సమస్యను సమాచార విశ్లేషకుడు ఏ పద్ధతులతో ఎదుర్కొంటాడో ఇంగ్లండ్, వేల్స్ ఘటనల ఆధారంగా వివరించడం, ఆ పద్ధతులకు ప్రాచీన గ్రంథాల పాఠపరిష్కరణతో ఉన్న సామ్యాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోలీసు జవాబుదారీతనం, సమాచార విశ్లేషణ, వాంగ్మూలం, కాలక్రమం, పాఠాంతరం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

పోలీసు కస్టడీలో ఒక వ్యక్తి మరణించినా, పోలీసు కాల్పులలో ఒకరు ప్రాణం కోల్పోయినా ఆ కుటుంబం అడిగే మొదటి ప్రశ్న "అసలేం జరిగింది?" అన్నదే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగినవారు చాలా సందర్భాలలో ఆ చర్యలో పాల్గొన్న పోలీసులే. వైర్‌లెస్ సంభాషణల నమోదు, స్టేషన్ డైరీ, ఘటనాస్థల పంచనామా, సిబ్బంది వాంగ్మూలాలు అన్నీ వారి చేతి మీదుగా వచ్చినవే. వాటిని యథాతథంగా నమ్మితే విచారణ అర్థం లేనిదవుతుంది. పూర్తిగా తోసిపుచ్చితే విచారణకు ఆధారమే మిగలదు. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే సమాచార విశ్లేషకుడి పని.

తెలుగు పరిశోధకులకు ఇది పూర్తిగా కొత్త సమస్య కాదు. కవి స్వహస్తప్రతి లభించని కావ్యాన్ని పరిష్కరించే పండితుడు కూడా వ్రాయసకాండ్ర ప్రతుల మీదనే ఆధారపడతాడు. ఏ ప్రతి ఎక్కడ పుట్టింది, ఎవరు రాశారు, ఏ పాఠం తరువాత చేరింది అన్న ప్రశ్నలే అతనికి మార్గం చూపుతాయి. సి.పి. బ్రౌన్ అనేక ప్రతులను సేకరించి, పండితులచేత పాఠాలను సరిపోల్పించిన సంగతి సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. ఆ దృష్టితో చూస్తే విశ్లేషకుడి పని స్వభావం సులభంగా అవగతమవుతుంది.

2. పర్యవేక్షణ వ్యవస్థ పరిణామం

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1985లో పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ ఏర్పడింది. అయితే దాని పాత్ర విచారణను పర్యవేక్షించడం వరకే పరిమితం. విచారణ జరిపేది పోలీసులే. బ్రిక్స్‌టన్ అల్లర్లపై 1981లో వచ్చిన స్కార్మన్ నివేదిక, స్టీఫెన్ లారెన్స్ హత్య దర్యాప్తుపై 1999లో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక స్వతంత్ర విచారణ అవసరాన్ని నొక్కిచెప్పాయి. 2002 నాటి పోలీసు సంస్కరణల చట్టం ద్వారా ఇండిపెండెంట్ పోలీస్ కంప్లైంట్స్ కమిషన్ (ఐపీసీసీ) రూపొంది, 2004 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. 2018 జనవరిలో అది ఇండిపెండెంట్ ఆఫీస్ ఫర్ పోలీస్ కాండక్ట్ (ఐఓపీసీ)గా మారింది. దీని డైరెక్టర్ జనరల్‌గా పోలీసు ఉద్యోగం చేసినవారిని నియమించకూడదన్నది చట్టనియమం.

ఇటువంటి సంస్థలో దర్యాప్తు అధికారి సాక్షులను ప్రశ్నిస్తాడు, ఆధారాలను స్వాధీనం చేసుకుంటాడు. విశ్లేషకుడు ఆ ఆధారాలను ఒకచోట చేర్చి, వాటి మధ్య పొందికను, వైరుధ్యాన్ని, ఖాళీని చూపిస్తాడు. అతడు తీర్పు చెప్పడు. తీర్పు చెప్పేవారి ముందు ప్రశ్నలను స్పష్టంగా నిలుపుతాడు.

3. 'ఇంటెలిజెన్స్' – పదవిచారం

తెలుగు పత్రికలు 'ఇంటెలిజెన్స్' అన్న మాటకు 'నిఘా' అన్న పదాన్ని వాడుతున్నాయి. 'నిఘా వర్గాలు', 'నిఘా విభాగం' వంటి ప్రయోగాలు స్థిరపడ్డాయి. అయితే నిఘా అంటే కనిపెట్టి ఉండడం. పర్యవేక్షణ సంస్థలోని విశ్లేషకుడు ఎవరినీ రహస్యంగా వెంబడించడు. అతని వృత్తిలో ఈ పదానికి అర్థం 'విలువ కట్టిన సమాచారం'. వచ్చిన వార్త సమాచారం మాత్రమే. దాని మూలాన్ని, విశ్వసనీయతను పరిశీలించి, ఇతర ఆధారాలతో పోల్చిన తరువాతనే అది ఈ పేరుకు అర్హమవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో 'సమాచార విశ్లేషకుడు' అన్న వ్యవహారమే స్వీకరింపబడింది.

4. విశ్లేషణ పద్ధతులు

ఈ కింది ఘటనలు విశ్లేషణ సూత్రాలను వివరించడానికి ఉదాహరణలు మాత్రమే. వాటిలో ఏ ఉద్యోగి ఏ పని చేశాడన్నది ఇక్కడ చర్చనీయాంశం కాదు.

4.1 మూల్యాంకనం

బ్రిటన్ పోలీసు వ్యవస్థలో సమాచారానికి విలువ కట్టడానికి '3×5×2' అనే పద్ధతి ఉంది. మొదటి అంకె మూలానికి సంబంధించింది: నమ్మదగినది, ఇంకా పరీక్షకు నిలవనిది, నమ్మదగనిది అని మూడు స్థాయిలు. రెండవ అంకె సమాచారానికి సంబంధించింది: మూలానికి స్వయంగా తెలిసినది, పరోక్షంగా తెలిసినా ఇతర ఆధారంతో బలపడినది, పరోక్షంగా మాత్రమే తెలిసినది, ఎలా తెలిసిందో చెప్పలేనిది, అబద్ధమని అనుమానించదగినది అని ఐదు స్థాయిలు. మూడవది ఆ సమాచారాన్ని షరతులు లేకుండా పంచుకోవచ్చా, షరతులతోనా అన్నది. మనిషి నమ్మకస్తుడు కావడం వేరు, అతడు చెప్పిన మాట అతనికి స్వయంగా తెలిసినది కావడం వేరు అన్న వివేకమే ఈ పద్ధతికి ప్రాణం.

ఈ వివేకం లోపిస్తే ఏమవుతుందో 2011 ఆగస్టు 4న లండన్‌లోని టోటెన్‌హామ్‌లో జరిగిన ఘటన తెలుపుతుంది. పోలీసు కాల్పులలో మార్క్ డగ్గన్ మరణించిన తరువాత, ఇరువైపులా కాల్పులు జరిగాయన్న అభిప్రాయం పత్రికలలో వ్యాపించింది. ఆ అభిప్రాయం కలగడానికి తమ మాటలే కారణమై ఉండవచ్చునని ఐపీసీసీ తరువాత అంగీకరించింది. ఒక పోలీసు అధికారి రేడియోలో చిక్కుకున్న తూటా పోలీసులదేనని పరీక్షలో తేలింది. ఆ మరణం చట్టబద్ధమైనదేనని 2014లో జ్యూరీ నిర్ణయించింది. అయినా, పరోక్షంగా తెలిసిన మాట నిర్ధారిత విషయంగా బయటికి వెళ్లినందువల్ల స్వతంత్ర సంస్థ మీద ప్రజల నమ్మకానికి కలిగిన నష్టం ఆ నిర్ణయంతో పూడలేదు. పర్యవేక్షణ సంస్థ కూడా తన సమాచారానికి తానే విలువ కట్టుకోవాలన్నది ఇందులోని పాఠం.

4.2 కాలక్రమ నిర్మాణం

విశ్లేషకుడు మొట్టమొదట సిద్ధం చేసేది కాలక్రమ పట్టిక. సీసీటీవీ, వైర్‌లెస్, ఫోన్ కాల్స్, వాహనాల కదలికలు, సాక్షుల మాటలు ఒకే కాలరేఖపైకి చేరుతాయి. ఒక్కొక్క పరికరంలోని గడియారం ఒక్కొక్క సమయాన్ని చూపవచ్చు కనుక వాటి తేడాలను ముందుగా సరిచేయాలి.

2005 జులై 22న లండన్‌లోని స్టాక్‌వెల్ స్టేషన్‌లో, ఆత్మాహుతి దాడికి పాల్పడబోతున్న వ్యక్తిగా పొరబడి జాన్ చార్లెస్ ది మెనెజెస్ అనే బ్రెజిల్ యువకుడిని పోలీసులు కాల్చిచంపారు. అతడు ఇంటి నుండి బయలుదేరిన సమయం ఉదయం సుమారు 9:33. కాల్పులు జరిగిన సమయం సుమారు 10:06. మధ్యలో ఉన్నవి దాదాపు 33 నిమిషాలు. అతడు ఇంటి గుమ్మం దాటిన క్షణంలో అక్కడ కాపలా ఉన్న వ్యక్తి మూత్రవిసర్జన చేస్తున్నందువల్ల అతని చిత్రాన్ని తీయలేకపోయాడు. గుర్తింపులో సందేహం అక్కడే మొదలయింది. బస్సెక్కి, దిగి, మళ్లీ ఎక్కిన ఆ యువకుడు రైల్లోకి చేరేవరకు అతన్ని ఎవరూ ఆపలేదు. కాలరేఖ మీద ఈ విషయాలను వరుసగా పెట్టినప్పుడు "తూటా ఎవరు పేల్చారు?" అన్న ప్రశ్న "అంతకుముందు ఎన్నిచోట్ల ఆపే అవకాశం ఉంది?" అన్న ప్రశ్నగా మారుతుంది. 2007 నవంబర్ 1న లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖను ఆరోగ్య భద్రతా చట్టం కింద దోషిగా తేల్చి 1,75,000 పౌండ్ల జరిమానా విధించారు. అక్కడ తప్పు వ్యవస్థది.

కాలరేఖను ఎక్కడ ముగిస్తారన్నది కూడా కీలకమే. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో క్రీడాస్థలంలో జరిగిన తొక్కిసలాట చివరికి 97 మందిని బలిగొన్నది. మధ్యాహ్నం 2:52కు పోలీసులు 'సి' గేటు తెరిపించారు. 3:06కు ఆట ఆగింది. మొదటి మరణవిచారణలో 3:15 తరువాతి సంగతులు పరిశీలనకు రాకుండా కరోనర్ గీత గీశాడు. ఆ సమయానికే బాధితులందరికీ ప్రాణాంతకమైన గాయాలయ్యాయన్నది అందుకు ఆధారమైన భావన. 2012 సెప్టెంబర్‌లో స్వతంత్ర మండలి వైద్య పత్రాలను తిరిగి పరిశీలించి, మృతులలో 41 మంది వరకు బతికే అవకాశం ఉండి ఉండవచ్చునని తెలిపింది. కాలరేఖ మీద పెట్టిన ఒక్క గీత సహాయక చర్యల వైఫల్యాన్ని రెండు దశాబ్దాలకు పైగా కప్పిపుచ్చింది.

4.3 వాంగ్మూలాలు – పాఠాంతరాలు

హిల్స్‌బరో పత్రాలలో పాఠపరిష్కర్తకు అతి పరిచితమైన స్థితి కనిపిస్తుంది. ఒకే వాంగ్మూలానికి మొదటి ప్రతి, సవరించిన ప్రతి రెండూ లభించాయి. 164 వాంగ్మూలాలు గణనీయంగా మార్పులకు లోనయ్యాయనీ, వాటిలో 116 వాంగ్మూలాల నుండి పోలీసులకు ప్రతికూలమైన వ్యాఖ్యలను తొలగించడమో మార్చడమో జరిగిందనీ మండలి తేల్చింది. ఒకటి రెండు మార్పులు చేతిపొరపాట్లు కావచ్చు. వందకు పైగా మార్పులు ఒకే దిశలో సాగితే దానిని వ్రాయసకాడి పొరపాటు అనలేము. విడివిడిగా చదివినప్పుడు కనపడని ఈ దిశ, అన్నింటినీ పట్టికగా పేర్చినప్పుడే బయటపడుతుంది.

పాఠపరిష్కరణలోని మరొక సూత్రం కూడా ఇక్కడ వర్తిస్తుంది. రెండు ప్రతులలో ఒకే తప్పు ఒకేచోట ఉంటే అవి ఒకే మాతృక నుండి వచ్చి ఉంటాయి. వాటిని రెండు సాక్ష్యాలుగా లెక్కించరాదు. స్టాక్‌వెల్ ఘటనలో కాల్పుల బృందం తమ వాంగ్మూలాలను పరస్పరం సంప్రదించుకొని రాసింది. కాల్పులకు ముందు "ఆర్మ్‌డ్ పోలీస్" అని హెచ్చరించినట్లు పోలీసులు చెప్పారు. రైలుపెట్టెలోని ప్రయాణికులు ఆ మాట వినలేదన్నారు. 2008 డిసెంబర్‌లో మరణవిచారణ జ్యూరీ ఆ హెచ్చరిక చేశారా అన్న ప్రశ్నకు 'లేదు' అని సమాధానమిచ్చింది. కలిసి రాసిన వాంగ్మూలాలు ఎన్ని ఉన్నా విశ్లేషకుడి పట్టికలో వాటి బరువు ఒకే సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది. అయితే కలిసి రాయడమే కుట్రకు నిదర్శనం కాదు. అప్పటికి అది అనుమతించిన ఆచారం. దాని వల్ల సాక్ష్యాల స్వతంత్రత తగ్గుతుందని చెప్పడం వరకే విశ్లేషకుడి హద్దు.

4.4 విడి ఘటన నుండి సరళికి

వ్యక్తులకు, ఫోన్లకు, ప్రదేశాలకు ఉన్న సంబంధాలను రేఖాచిత్రంగా చూపడం విశ్లేషకుడి మరొక ముఖ్య సాధనం. లండన్‌లోని చారింగ్ క్రాస్ పోలీస్ స్టేషన్‌లో ఒక అధికారిపై 2018లో వచ్చిన ఆరోపణతో మొదలైన విచారణ, ఒకదానితో ఒకటి ముడిపడిన తొమ్మిది విచారణలుగా విస్తరించింది. పోలీసుల మధ్య నడిచిన సందేశాలలో స్త్రీద్వేషం, జాతివివక్ష, తోటివారిపై వేధింపు బయటపడ్డాయి. 2022 ఫిబ్రవరిలో ఐఓపీసీ 15 సిఫారసులతో నివేదిక ప్రచురించింది. ఒక్కొక్క సందేశాన్ని 'సరదా' అని తీసిపారేయవచ్చు. ఎవరు ఎవరికి పంపారు, ఎవరు మౌనంగా చదివారు, ఎంతకాలం సాగింది అన్నవి చేరినప్పుడు అది పనిచేసే చోటి సంస్కృతిగా కనిపిస్తుంది.

5. పరిమితులు

విశ్లేషకుడికి ఎదురయ్యే పెద్ద ప్రమాదం తన ఊహపై తనకు కలిగే మమకారం. దీనికి విరుగుడుగా రిచర్డ్స్ హ్యూయర్ 1999లో ప్రచురించిన గ్రంథంలో 'పోటీ ప్రతిపాదనల విశ్లేషణ'ను వివరించాడు. సాధ్యమైన వివరణలన్నింటినీ పక్కపక్కన ఉంచి, ప్రతి ఆధారం దేనికి విరుద్ధంగా ఉందో చూడాలి. అన్ని వివరణలకూ సమానంగా సరిపోయే ఆధారం ఎంత ఆకర్షణీయమైనదైనా దేనినీ తేల్చదు. ఒక పోలీసు అధికారి ఉద్యోగం, గౌరవం, స్వేచ్ఛ కూడా ఈ పట్టికపై ఆధారపడతాయి కనుక ఈ జాగ్రత్త నిందితుడికీ రక్షణే.

రెండవది చట్టపరమైన పరిమితి. హిల్స్‌బరో వాంగ్మూలాల మార్పులకు సంబంధించి ఇద్దరు మాజీ పోలీసు అధికారులపై, ఒక న్యాయవాదిపై నడిచిన కేసును 2021 మే నెలలో న్యాయమూర్తి నిలిపివేశారు. ఆ వాంగ్మూలాలు న్యాయస్థానం కోసం కాక బహిరంగ విచారణ కోసం సిద్ధమైనవి కనుక, వాటిని మార్చడం ఆరోపించిన నేరం కిందకు రాదన్నది అందుకు కారణం. పాఠం మారిందని చూపగలిగినా, ఆ మార్పు నేరమని చెప్పడం విశ్లేషణ చేయగల పని కాదు.

6. తెలుగు రాష్ట్రాల సందర్భం

ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ఇచ్చిన తీర్పు రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలను ఏర్పరచాలని ఆదేశించింది. క్షేత్ర విచారణకు సిబ్బంది అవసరమని గుర్తిస్తూ, విశ్రాంత దర్యాప్తు అధికారుల సేవలను వాడుకోవచ్చునని సూచించింది. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్ 2న పోలీస్ స్టేషన్లన్నింటిలో సీసీటీవీలు ఉండాలని, దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలని, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాదిపాటైనా ఉంచాలని ఆదేశించింది. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద జరిగిన కాల్పులపై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసుల కథనం నమ్మదగినది కాదని నివేదించింది. ఆ నిర్ధారణలను సంబంధిత అధికారులు న్యాయస్థానంలో సవాలు చేశారు. తుది నిర్ణయం ఏదైనా, పోలీసుల పత్రాలను పోలీసేతరులు పంక్తి పంక్తిగా పోల్చిచదవవలసిన అవసరాన్ని ఈ ఉదంతం తెలుగు నేల మీద స్పష్టం చేసింది.

భారతీయ చర్చ ఎక్కువగా సంస్థల ఏర్పాటు, సభ్యుల నియామకం చుట్టూ తిరుగుతున్నది. 18 నెలల దృశ్యాలు భద్రంగా ఉన్నా వాటిని వైర్‌లెస్ నమోదుతో, డైరీతో, వైద్య పత్రాలతో సరిపోల్చి చూసే శిక్షణ పొందినవారు లేకపోతే అవి పేటికలో మూసిపెట్టిన తాళపత్రాలతో సమానం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, పోలీసు పత్రం నిజానికి ప్రతిబింబం కాదు. నిజానికి లభించిన ఒక ప్రతి. దాని పుట్టుకను తెలుసుకున్న తరువాతే దాని మాటకు విలువ కట్టాలి. రెండు, తొలి ప్రతులు భద్రంగా ఉంటేనే పాఠాంతరాలు కనిపిస్తాయి. కనుక స్వతంత్ర సంస్థకు పత్రాలు మొదటి గంటల్లోనే అందాలి. మూడు, విశ్లేషకుడి నిజాయితీ అతడు తేల్చిన విషయాలలో ఎంత ఉంటుందో, తేల్చలేనివాటిని అలాగే వదిలిపెట్టడంలోనూ అంతే ఉంటుంది. లుప్తమైన పాదాన్ని సొంత కవిత్వంతో పూరించని పరిష్కర్త ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచి, అది ఖాళీ అని చెబుతాడు. "అసలేం జరిగింది?" అని అడిగిన కుటుంబానికి కొన్నిసార్లు ఆ ఖాళీని నిజాయితీగా చూపడమే న్యాయం వైపు వేసే మొదటి అడుగు అవుతుంది.