కల్లు రుచి – దానికి తోడు వంటకం

ఫ్రాన్సు దేశపు నైరుతి భాగంలో, లాట్ నదీతీరాన కహోర్ అనే పట్టణం ఉన్నది. అక్కడి ద్రాక్షమద్యం నలుపేమో అనిపించేంత చిక్కని ఎరుపు. అందులో నూటికి 70 పాళ్ళకు తగ్గకుండా మాల్బెక్ అనే ద్రాక్ష ఉండాలని నియమం. ఆ ద్రాక్షతొక్కలోని టానిన్ అనే వగరు పదార్థం లాలాజలంలోని మాంసకృత్తులతో కలిసి నోటిని ఎండగడుతుంది. అందుచేతనే అక్కడివారు దానికి కొవ్వు గల బాతుమాంసాన్ని జతచేస్తారు. మాంసం, కొవ్వు ఆ వగరును మెత్తబరుస్తాయి. పానీయానికి వంటకాన్ని ఎన్నుకొనడంలోని సూత్రం ఇదే: ఒకదాని అతిని మరొకటి సరిదిద్దాలి.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ద్రాక్షమద్యం పరాయిదే గాని, తాటికల్లు, ఈతకల్లు ఇంటి ముచ్చట్లే. అయితే ద్రాక్షమద్యం ఏండ్ల తరబడి నిలువ ఉండి పక్వానికి వస్తే, కల్లు ఆయుర్దాయం కొన్ని గంటలు మాత్రమే. ఆ కొద్ది గంటలలోనే దాని రుచి మూడు దశలు మారుతుంది.

గీత కార్మికుడు మోకు, ముస్తాదులతో చెట్టెక్కి, తాటిగెలను గీసి లొట్టి కడతాడు. ఈతచెట్టుకైతే మొవ్వు సమీపాన మానునే గీస్తారు. ఊరిన రసం మొదట తేటగా, తియ్యగా ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూసి, పులియనీయకుండా దించినదే నీరా. సున్నం లేని లొట్టిలో గాలి నుండి, పాత్ర నుండి చేరిన ఈస్టు, సూక్ష్మజీవులు చక్కెరను మద్యసారంగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. ఈస్టు పెరిగినకొద్దీ రసం పాలవలె తెల్లబడుతుంది. ఉదయపు కల్లులో తీపి, నురుగు హెచ్చు. ప్రొద్దెక్కిన కొలది పులుపు, ఘాటు పెరుగుతాయి. మరునాటికి మిగిలేది పుల్లని కాడి, అటుపైన సిర్కా.

కాబట్టి తోడు వంటకం కూడా వేళను బట్టి మారవలసి ఉంటుంది. తియ్యని ఉదయపు కల్లుకు ఉప్పు, కారం తగుతాయి. వేయించిన పల్లీలు, ఉల్లిగడ్డ వేసిన శనగ గుడాలు, సర్వపిండి ఇందుకు చక్కనివి. తీపి కారాన్ని శాంతింపజేస్తుంది, ఉప్పు తీపి వెగటును విరుస్తుంది. పులుపెక్కిన సాయంకాలపు కల్లుకు నూనె, కొవ్వు గల వంటకం కావాలి. సిరిసిల్ల వద్ద మానేరు చేపల వేపుడు, మేక బోటి కూర, జొన్నరొట్టె ఇట్టివి. నిమ్మకాయ పిండినట్లు ఆ పులుపు నూనె జిడ్డును కడిగివేస్తుంది. ఘాటెక్కిన కల్లుతో మితిమీరిన మిరపకారం మాత్రం కూడదు. మద్యసారం మంటను చల్లార్చదు సరికదా, రెచ్చగొడుతుంది.

రుచి చూచే పద్ధతి కూడా సులభమే. ముందు రంగు, పిమ్మట నురుగు, ఆ మీదట వాసన. మంచి కల్లులో పండు వాసన, పులిసిన పిండి వాసన కలిసి ఉంటాయి. చివరకు ఒక గుక్క నాలుకపై నిలిపి, తీపి వెనుక పులుపు వస్తున్నదా అని గమనించాలి. ప్రొద్దు గ్రుంకినా పులుపు లేక, ఒట్టి తీపి నిలిచి ఉన్నదంటే శంకించవలసిందే.

అసలు ప్రమాదం ఇక్కడనే ఉన్నది. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట నీటిలో శాకరీన్, క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం వంటివి కలిపి కల్లుగా అమ్మిన ఉదంతాలు తెలంగాణలో పలుమార్లు బయటపడినవి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించారు. ఈ మత్తుమందుల జాడను నాలుక నమ్మకంగా పసిగట్టలేదు. వాటికి అలవాటు పడినవారు హఠాత్తుగా మానితే వణుకు, నిద్రలేమి, మూర్ఛలు రావచ్చు. అట్టివారిని ఇంట ఉంచక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

కనుక రుచికి తొలి పాఠం వంటకం కాదు, చెట్టు. ఏ వనంలో, ఎవరు గీసి, ఎప్పుడు దించారో తెలిసిన కల్లే కల్లు. మద్యసారం అసలే వద్దనుకొనేవారికి నీరా ఉండనే ఉన్నది. అదే గుడాల గిన్నె దానికీ చక్కగా తోడు కాగలదు.